రెండో మజూర్కా తర్వాత ఆగిన గడియారం

ఓటిలియా ఫోన్ చేసిందంటే నాకు ఒళ్ళు మండేది. ముందే చెప్పేస్తున్నా, తర్వాత నన్నెవరూ దెప్పకుండా. నేను పియానోలకి శ్రుతి సరిచేసేవాణ్ణి. పేరు జెనోన్. విస్తులా నది ఒడ్డున మా ఊళ్ళో రేడియోకీ, సంగీత పాఠశాలకీ, పియానో ఉన్న ప్రతి ఇంటికీ నేనొక్కణ్ణే దిక్కు. పొద్దున్నే కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకునే వేళకి ఫోన్ మోగేది. మా దగ్గర మర్యాదకి మగవాళ్ళని పాన్ అనీ, ఆడవాళ్ళని పాని అనీ పిలుస్తాం.

"పాన్ జెనోన్, నిన్నటి ప్రసారం విన్నాను. స్టూడియో పియానోలో పైనుంచి తొమ్మిదో మెట్టు ఏడుస్తోంది."

"ఏడవడానికి అదేమన్నా పసిపిల్లా, పాని ఓటిలియా? మొన్ననేగా చూశాను!"

"మొన్న నవ్విందేమో. నిన్న ఏడిచింది."

వెళ్ళి చూస్తే నిజమే. అదే నాకు కోపం. ఆవిడ తప్పు చెబితే ఒక మాటనేసి ఊరుకునేవాణ్ణి. తప్పు చెప్పేది కాదే!

ఓటిలియా ఉద్యోగం రేడియో నేలమాళిగలో. ఎనభై ఒకటిలో భర్తకి బదిలీ అయితే మా ఊరొచ్చి, ఆ మెట్లు దిగి, మళ్ళీ ఇరవై ఎనిమిదేళ్ళకి గానీ పైకి రాలేదని మేమంతా ఆటపట్టించేవాళ్ళం. కింద వేల టేపులు. తేమకి చీటీలు ఊడిపోయాయి. ఒకడి టేపు ఇంకొకడి పెట్టెలో ఉంది. మాది పోలండు కదా, అందులో సగం మా స్వరకర్త షోపెన్‌వే. మా పల్లె నాట్యాల వరసలో ఆయన కట్టిన ఒకే మజూర్కాని నలభై మంది వాయించి ఉంటారు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ వాయించారో తేల్చి కార్డు మీద రాయడం ఆవిడ పని. ఆవిడ రాసిందే పత్రికలోకీ, ప్రసారంలోకీ వెళ్ళేది.

వాయించే తీరుని బట్టి మనిషిని పట్టేస్తుందని అందరూ అనుకునేవాళ్ళు. నేనూ అలాగే అనుకుని ఒకసారి అడిగాను.

"వాయించేది అందరూ వింటారు," అంది చెవులకున్న హెడ్‌ఫోన్లు తీయకుండానే. "వాయించనప్పుడు ఏం చేస్తారో నేను వింటాను."

అది మాత్రం నిజం. ఒక పాటకీ ఇంకో పాటకీ మధ్య ఉండే ఖాళీ ఆవిడకి ప్రాణం. కుర్చీ కిర్రుమనడం, కాలి కింద పెడలు మూలగడం, గోడనున్న వేడినీళ్ళ గొట్టం టక్కుమనడం, పెద్దాయనెవరో ముక్కు ఎగబీల్చడం. ఫలానా ముక్కు ఫలానా ప్రొఫెసరుదని రాసిపెట్టుకుంది. ఏ హాల్లో ఏ కుర్చీ ఏ ఏడాది మార్చారో ఆవిడకి తెలిసినట్టు ఆ కుర్చీ చేసిన వడ్రంగికి కూడా తెలియదు.

ఆ టేపుల కొట్టులో ఒక నియమం ఉంది. కార్డు మీద రాసింది చెరపకూడదు. తప్పని తేలితే ఎర్ర సిరాతో ఒక గీత కొట్టాలి, కిందిది కనబడేలా. పక్కన సరైనది రాసి, తప్పు చేసినవాళ్ళే సంతకం పెట్టాలి. అందరి కార్డుల మీదా ఎర్ర గీతలున్నాయి. ఓటిలియా కార్డుల మీద ఒక్కటీ లేదు. పైకి అనేది కాదు గానీ, ఆ గర్వం ఆవిడ నడకలో తెలిసేది.

ఎనభై తొమ్మిదిలో ఆవిడకి చీటీ లేని టేపొకటి దొరికింది. షోపెన్ మజూర్కాలు నాలుగు. విని నన్ను కిందకి పిలిచింది.

"ఇది విని, ఏ పియానోనో చెప్పండి."

విన్నాను. ఎంత బావుందని! చురుగ్గా, మెరుపుగా, గుండెలో గుచ్చుకునేలా. కానీ శ్రుతి హెచ్చుగా ఉంది. నా జేబులో ఎప్పుడూ ఉండే శ్రుతి ఫోర్కు తీసి మోగించి చూశాను. వెంట్రుకవాసి కాదు, చెవికి గుచ్చి చెప్పేంత హెచ్చు.

"డెబ్భై తొమ్మిది జనవరిలో సంగీత పాఠశాల హాల్లో ఒక రికార్డింగ్ జరిగిందట. అది ఇదేనా? ఆ రోజు శ్రుతి చేసింది మీరేగా?" అంది.

"నేనే చేశాను. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే చేశాను. చేసి, బస్సు దొరకదేమోనని ఇంటికి పరిగెత్తాను."

"అప్పుడు ఇంత హెచ్చుగా పెట్టారా?"

ఇదిగో, ఇక్కడే నాకు తిక్క రేగింది. ఇంటికెళ్ళి నా నోటు పుస్తకం తెచ్చి ఆవిడ బల్ల మీద విసిరినంత పని చేశాను. ఏ రోజు ఏ పియానో ఏ శ్రుతిలో పెట్టానో ఇరవై ఏళ్ళ లెక్క అందులో ఉంది. ఆ రోజుకి ఎదురుగా, ఫోర్కుకి సరిగ్గా, అని నా చేతి రాత.

"హెచ్చు పెట్టడం నా వంశంలో లేదు! ఇది మన ఊరి పియానోయే కాదు. పరాయి దేశంలో ఎక్కడో వాయించింది. నా మాట రాసుకోండి!"

ఆవిడ రాసుకుంది. దానికి తోడు రేడియో దస్త్రంలో ఆ వారానికి ఎదురుగా ప్రాగ్ నుంచి రావాల్సిన వాయిద్యకారుడి పేరుంది. స్ట్రాకా అని. ఆయన తన ఊళ్ళోనే వాయించి టేపు పంపి ఉంటాడని ఓటిలియా తేల్చింది. కార్డు మీద నల్ల సిరాతో రాసింది. స్ట్రాకా, ప్రాగ్.

ఆ ఏడాది అక్టోబరు పదిహేడున, షోపెన్ పోయిన రోజున, రేడియోలో ఆ టేపు వేశారు. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. సంగీత పాఠశాలలో పియానో నేర్పే సలోమెయా రాసింది. మా ఊళ్ళో పియానో మెట్టు నొక్కిన ప్రతి చెయ్యీ ఆవిడ పెన్సిలు దెబ్బ తిన్నదే, మా అమ్మాయి చెయ్యి కూడా. జీవితం మొత్తంలో ఆవిడ రికార్డు చేసింది ఒక్కసారి. ఆ జనవరిలో స్ట్రాకా మంచులో చిక్కుకుని రాలేకపోతే, రేడియో నుంచి ఇగ్నాట్సీ అనే ఇంజనీరు వచ్చి, స్టూడియోలో వేడి లేదు, ఇక్కడే మీరే వాయించండి అని అడిగాడట. వినేవాళ్ళెవరూ లేరు. ఆ ఇగ్నాట్సీ తర్వాతి ఏడాదే పోయాడు. "మీరు వేసింది నేను వాయించినది. పేరు సరిచేయ ప్రార్థన," అని ఉంది ఉత్తరంలో.

ఓటిలియా మళ్ళీ మూడు రోజులు విని జవాబు రాసింది. "పరిశీలన అనంతరం, సదరు టేపు మీది కాదని నిర్ధారించడమైనది. మీ టేపు ఆనాటి టేపుల కొరత వల్ల చెరిపి తిరిగి వాడి ఉండవచ్చునని తెలియజేయుటకు చింతిస్తున్నాము."

మరుసటి ఏడాది అదే రోజున ప్రసారం, అదే ఉత్తరం, అదే జవాబు. అలా పంతొమ్మిదేళ్ళు.

మొండిదని ఓటిలియాని తిట్టుకోకండి. ప్రతిసారీ కొత్తగా వినేది. ప్రతిసారీ ఇంకో రుజువు దొరికేది. మొదటి పాటకి ముందు టేపు ఒకటిన్నర నిమిషం ఊరికే తిరిగింది, ఆ ఖాళీలో గోడ గడియారం వినబడుతుంది. సంగీత పాఠశాల హాల్లోనూ పెద్ద లోలకం గడియారం ఉంది. ఓటిలియా స్వయంగా వెళ్ళి దాని కింద కుర్చీ వేసుకుని లెక్కపెట్టింది. నిమిషానికి అరవై టక్కులు, ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. టేపులో గడియారం నిమిషానికి అరవై రెండు కొడుతోంది. అంటే వేరే గడియారం, వేరే హాలు. ఇంకా ఉంది. రెండో మజూర్కా అయ్యాక ఆ టక్కులు హఠాత్తుగా ఆగిపోతాయి, ఆ తర్వాత ఎక్కడా వినబడవు. అంటే రెండు చోట్ల వాయించినవి కలిపి అతికించారన్నమాట. ఒక పూటలో ఒక హాల్లో వాయించానంటోంది సలోమెయా. కుదరదు.

సలోమెయాని పిలిచి అడగవచ్చుగా అంటారా? పేరు కావాలని వచ్చేవాళ్ళతో కొట్టువాళ్ళు మాట్లాడకూడదు, వాళ్ళ మాటలకి చెవి వంగిపోతుందని ఆవిడ పట్టు. కాగితం మీదే అంతా.

నా సంగతి ఇంకా అన్యాయం. ఒకసారి అంగట్లో, ఉప్పులో ఊరిన దోసకాయల పీపా దగ్గర, సలోమెయా నా చెయ్యి పట్టుకుంది.

"పాన్ జెనోన్, ఆ రోజు పియానో చూసింది మీరే కదా. మీరైనా చెప్పండి వాళ్ళకి."

"చెప్పాను పాని సలోమెయా. సరిగ్గా శ్రుతి చేశానని చెప్పాను. సరిగ్గా చేశాను గనకే అది మీది కాదు," అన్నాను. ఎంత దర్జాగా అన్నానో! ఆవిడ చెయ్యి తీసేసి, దోసకాయలు తూచమంది.

రెండువేల ఎనిమిది అక్టోబరులో ఉత్తరం రాలేదు.

నవంబరు వచ్చింది, పెద్దల పండక్కి సమాధుల మీద పెట్టిన చేమంతులు వాడిపోయాయి, ఉత్తరం లేదు. ఓటిలియా సంతోషించాలి కదా. నాకు ఫోన్ చేసింది. పియానో గురించి కాదు.

"పాన్ జెనోన్, ఆవిడ... బానే ఉందా?"

"ఎవరు?"

"ఎవరో మీకు తెలుసు."

"బజార్లో కనబడింది. కర్ర పట్టుకుని నడుస్తోంది. బానే ఉంది."

"మరి ఎందుకు రాయలేదు?"

"మీరేగా పంతొమ్మిదిసార్లు కాదన్నారు!"

 ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ఆ చలికాలమే రేడియో వాళ్ళు, రెండువేల పదిలో షోపెన్ పుట్టి రెండు వందల ఏళ్ళవుతుందని, మా ఊరి కొట్టులోంచి మంచివి ఏరి సీడీ వేస్తామన్నారు. మొదటి నాలుగూ ఆ మజూర్కాలే. అట్ట మీద స్ట్రాకా పేరు. ఫిబ్రవరి ఇరవై మూడు, సోమవారం అట్ట అచ్చుకి వెళ్తుంది. మార్చి ఆఖరుకి ఓటిలియా రిటైరవుతుంది. ఒకసారి అచ్చయితే ఇక ఆ పేరే శాశ్వతం.

అంతకు ముందు గురువారం, ఈస్టరు ఉపవాసాలకి ముందొచ్చే కొవ్వు గురువారం. ఆ రోజు పొంచ్కీ అనే తీపి బూరెలు తిననివాడికి ఏడాదంతా కలిసిరాదని మా నమ్మకం. అందుకని గులాబీ జామ్ పెట్టి వేయించినవి డజను పొట్లం కట్టించుకుని నేలమాళిగకి దిగాను. ఓటిలియా బల్ల మీద నాలుగు మజూర్కాల టేపు పెట్టె ఉంది. మొహం వేలాడేసుకుని కూర్చుంది.

"తినండి, ఇది ఏడోది నాకు," అన్నాను.

"మీ కోటు గుండీ ఊడి నా టేపుల్లో పడితే ఊరుకోను."

ఆవిడని నవ్విద్దామని పాత కబుర్లు ఎత్తాను. బయట మంచు పడుతుంటే డెబ్భై తొమ్మిది చలికాలం తలపుకొచ్చింది. రైళ్ళు పట్టాల మీదే గడ్డకట్టాయి. బొగ్గు వాగన్లలో రాయై కూర్చుంది. పవర్‌హౌసులు మూలిగాయి.

"మా అమ్మాయి బొగ్నా గుర్తుందా, అప్పటికి దానికి ఆరేళ్ళు. కొత్త గ్రామఫోన్ కొన్నాం. పిల్ల పాట పెట్టుకుని గెంతుతోంది. ఉన్నట్టుండి ఆగి, నాన్నా, పాటకి నిద్రొస్తోంది అంది. విందును కదా, గాయకుడు ఆవలిస్తూ పాడుతున్నట్టుంది! కరెంటు పోలేదు, నీరసపడింది. మోటారు మెల్లగా తిరిగింది. ఆ నెలంతా మా ఇంట్లో పాటలన్నీ నిద్రమొహాలే."

నేను పకపకా నవ్వాను. ఓటిలియా నవ్వలేదు. పొంచ్కీ నోటి దాకా వెళ్ళి అక్కడే ఆగింది. జామ్ కారి కార్డు మీద పడింది. కార్డు మీద మరక పడితే ప్రాణం పోయినట్టు చూసే మనిషి, తుడవను కూడా లేదు.

"మళ్ళీ చెప్పండి," అంది.

"ఏం చెప్పను? నిద్రొస్తోందంది."

"ఆ చలికాలం నేను ఈ ఊళ్ళో లేను. నాకెవరూ చెప్పలేదు. పాన్ జెనోన్, పాట వేసే యంత్రం మెల్లగా తిరిగిందంటే, పాట పట్టే యంత్రం?"

"అదీ మెల్లగానే తిరిగి ఉంటుంది. అదీ మోటారేగా."

"మెల్లగా తిరుగుతూ పట్టిన టేపుని, ఇప్పుడు మామూలుగా తిరిగే యంత్రం మీద వేస్తే?"

 వేగంగా వినబడుతుంది. వేగంతో పాటు శ్రుతి పైకి లేస్తుంది. పియానోదీ, గడియారానిదీ కూడా.

ఓటిలియా అప్పటికే టేపు యంత్రం మీదకి ఎక్కించింది. వేగం తగ్గించే మర ఒకటుంది దానికి. హెడ్‌ఫోన్లు పెట్టుకోకుండా బయటికే వినిపించింది. చేతిలో గడియారం పట్టుకుని, మర వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ, పెదాలతో లెక్కపెడుతోంది. అరవై రెండు. అరవై ఒకటి. అరవై.

"ఇప్పుడు మీ ఫోర్కు," అంది. మర మీదనుంచి చెయ్యి తీయలేదు.

మొదటి మజూర్కా మొదలైంది. నేను ఫోర్కు మోగించి చెవి దగ్గర పెట్టుకున్నాను. సరిగ్గా కలిసింది. నా నోటు పుస్తకంలో రాసినట్టే, వెంట్రుకవాసి తేడా లేకుండా. అది నా పియానో. ముప్పై ఏళ్ళ కింద కొంకర్లు పోయిన నా వేళ్ళతో నేను శ్రుతి చేసిన పియానో. అది మాది కాదని ఘంటాపథంగా చెప్పిందీ నేనే. నా నోటితో ఆవిడ పేరు లాగేసుకున్నానే అని సిగ్గుతో చితికిపోయాను.

"హాలు అదే, చలికాలం అదే," అంది ఓటిలియా. "అయినా వాయించింది ఆవిడేనని రుజువు కాలేదు. రేపు వెళ్దాం."

"మీరు మనుషులతో మాట్లాడరు కదా?"

"నోరు మూసుకుని ఆ పొంచ్కీలు పొట్లం కట్టండి."

శుక్రవారం పొద్దున, మేడ మీది రెండు గదుల ఇంట్లో సలోమెయా మమ్మల్ని చూసి తెల్లబోయింది. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. వేళ్ళు కణుపుల దగ్గర వంకర్లు తిరిగాయి. పియానో మూత మీద పూలకుండీలు. టీ గ్లాసుల్లో పోసి ఇచ్చింది. ఓటిలియా గొంతు సవరించుకుంది.

"పాని సలోమెయా, పోయిన అక్టోబరులో మీరు ఉత్తరం రాయలేదు."

"లేదు. ఎందుకు రాయాలి?" అంది శాంతంగా. "ప్రతి ఏడూ రేడియోలో వింటూ వచ్చాను. ఆ చురుకు, ఆ వేగం నాది కాదేమో అనిపించడం మొదలైంది. నేనంత వేగంగా ఎప్పుడు వాయించాను? ఆ చలిలో అసలు వాయించానా, కలగన్నానా? మీరు అంత చదువుకున్నవాళ్ళు, పంతొమ్మిదిసార్లు పరిశీలించారు. పోయినేడు మీరే రైటని ఒప్పేసుకున్నాను. నా శిష్యులకీ చెప్పాను, అది స్ట్రాకాది, నేను పొరబడ్డానని."

ఓటిలియా గ్లాసు తాగకుండానే బల్ల మీద పెట్టేసింది. పేరు ఒక్కటే కాదు, ఆ మనిషికి తన మీద ఉన్న నమ్మకాన్నే లాగేశాం ఇద్దరం కలిసి. కళ్ళెత్తి చూడలేకపోయాను.

"ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి," అంది ఓటిలియా. "మొదటినుంచి. అన్నీ."

"ఏముంది! చలికి చేతులు పనిచేయలేదు. ఇగ్నాట్సీ యంత్రం తిప్పేశాక కూడా నేను వేళ్ళు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటూ కూర్చున్నాను, నిమిషం పైనే. ఆయన విసుక్కోలేదు, మంచివాడు. ఇక ఆ గడియారం! ఏళ్ళ తరబడి దాని కింద పాఠాలు చెప్పాను, ఎన్నడూ పట్టించుకోలేదు. ఆ రోజు ఖాళీ హాల్లో సుత్తితో కొట్టినట్టు వినబడింది. రెండో మజూర్కా అయ్యి ఆయన యంత్రం ఆపగానే, ఇక భరించలేక, ఇగ్నాట్సీ, దాని నోరు మూయించవయ్యా అన్నాను. కుర్చీ ఎక్కి లోలకం పట్టుకుని ఆపేశాడు. తర్వాతి రెండూ ప్రశాంతంగా వాయించాను. మర్నాడు పాఠాలకి ఆలస్యమైందని హెడ్మాస్టరు నామీద కేకలేశాడు, గడియారం ఎవరు ఆపారని."

 టక్కుల సంగతి టేపు విన్నవాళ్ళకి తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలియదు. ప్రసారంలో పాటల మధ్య ఖాళీలు కోసేస్తారు. ఓటిలియా నాకు చెప్పింది, అంతే.

"ఇది... ఇది మీరు ఒక్క ఉత్తరంలోనూ ఎందుకు రాయలేదు?"

"మీరు అడగలేదుగా," అంది సలోమెయా. "ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేదాన్ని. గడియారం సంగతి ఎవరికి కావాలనుకున్నాను."

ఓటిలియా ఏడ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి చూశాను. గుండెలవిసేలా కాదు, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, నిశ్శబ్దంగా. తర్వాత వేగం సరిచేసి పట్టుకొచ్చిన సీడీని పెట్టింది. సలోమెయా తల వంచుకుని వింది. మూడోదాంట్లో ఒకచోట వంకర వేలు తనంతట తానే టేబులు మీద కదిలింది.

"అవును. ఇలాగే. ఇంత నెమ్మదిగా," అంది. "ఇది నేనే."

నేను నోటు పుస్తకం తెరిచి ఆవిడ ముందు పెట్టాను. క్షమించమని అడగడానికి నాకు చేతనైంది అదే. ఆవిడ ఆ పేజీ చదివి, "మీ శ్రుతి బానే ఉందయ్యా, ఎవరు కాదన్నారు," అంది. పొంచ్కీ ఒకటి నా చేతిలో పెట్టింది.

మధ్యాహ్నం రెండింటికి నేలమాళిగలో ఓటిలియా తన కార్డు తీసింది. జామ్ మరక ఎండి అతుక్కుని ఉంది. ఎర్ర సిరా సీసా ఎప్పుడూ వాడలేదేమో, మూత రాలేదు. నేను తిప్పి తీశాను. స్ట్రాకా మీద గీత కొట్టింది, కొంచెం వంకరగా. పక్కన సలోమెయా పేరు, ఊరు, హాలు, నెల రాసింది. సంతకం పెట్టింది. సోమవారం అచ్చుకి ఆ పేరే వెళ్ళింది.

అక్టోబరు పదిహేడు తర్వాత రేడియోకి ఉత్తరం వచ్చింది. ఓటిలియా అప్పటికి రిటైరై ఇంట్లో ఉంది. నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. వణికే అక్షరాలతో ఇలా ఉంది.

"సదరు టేపును నేను స్వయంగా వినడమైనది. పరిశీలన అనంతరం, అది నాదేనని నిర్ధారించి, తెలియజేయుటకు సంతోషిస్తున్నాను. వచ్చే గురువారం టీకి రండి. ఈసారి ఏం కావాలన్నా అడగండి."

ఓటిలియా రెండుసార్లు చదువుకుంది. కోటు వేసుకుంటూ, ఇవాళ ఏ వారమని నన్నడిగింది.